పదకొండో సాంచా మీద ఉన్నది

సూరత్ దగ్గర జోల్వాలో నేను పనిచేసే కార్ఖానాలో నలభై సాంచాలు ఉన్నాయి. సాంచా అంటే మర మగ్గం. పైన రేకుల కప్పు, కింద రెండు వరసలు, మధ్యలో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుంటూ వెళ్లగలిగినంత దారి. సాంచాలన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్లందరికీ పెదవులు చదవడం వస్తుంది. కరీంనగర్ పల్లెల నుంచి బట్ట నేయడానికి వచ్చిన మాకు ఈ విద్యను ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ చప్పుడులో ఆరు నెలలు నిలబడితే చాలు, దూరంగా ఉన్న మనిషి నోరు చూసి అతను బీడీ అడుగుతున్నాడో, దారం తెగిందంటున్నాడో తెలిసిపోతుంది.

ఇరవై ఏళ్ల వయసులో అక్కడ పనిలో చేరాను. పద్దెనిమిదేళ్లు నేత నేశాను. ఆ పద్దెనిమిదేళ్లూ మాకు ఒకే మాస్టర్. మాస్టర్ అంటే సాంచాలను బాగుచేసేవాడు, మనుషులకు పని చెప్పేవాడు, యజమాని సేఠ్‌కు జవాబు చెప్పేవాడు. ఆయనదీ మా వైపే. నేను మామ అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. బక్కమనిషి. గట్టిగా మాట్లాడితే దగ్గు వచ్చేది. అయినా ఆయన వేలు ఎత్తితే నలభై సాంచాల దగ్గర నలభై తలలు తిరిగేవి.

మామకు ఒక అలవాటు ఉండేది. పొద్దున పాలీ, అంటే షిఫ్టు, మొదలయ్యే ముందు ఒకటో సాంచా దగ్గర మొదలుపెట్టి నలభయ్యో దానిదాకా ప్రతిదాన్నీ చేత్తో చూసేవాడు. పట్టీ లాగి చూసేవాడు, బోల్టులు వేళ్లతో తిప్పి చూసేవాడు. దానికి గంట పట్టేది. ఒక రోజు కూడా మానలేదు. ఒకసారి ఆయన పొరపాటు వల్లనే ఒక పడుగంతా పాడైంది. ఎవరూ అడగకముందే సేఠ్ ముందుకు పోయి, మా అందరి ఎదుటే, "నాది గల్తీ అయింది సేఠ్" అన్నాడు. అప్పుడు నేను, ఈ ముసలాయనకు తెలివి లేదు, నేతగాడి మీదికి తోసేస్తే పోయేదిగా అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

మోకాళ్లు పనిచేయక మామ ఊరికి వెళ్లిపోయాడు. సేఠ్ నన్ను మాస్టర్‌ను చేశాడు. నాకు హిందీ, గుజరాతీ రెండూ వచ్చు, గొంతు పెద్దది, మనిషిని ఎత్తుగా ఉంటాను. ఎంచుకోవడానికి ఆయనకు అవి సరిపోయాయి. నాకూ సరిపోయాయనే అనుకున్నాను. పెద్దరికం అంటే నడకలో, చూపులో ఉంటుందని నమ్మాను. మామ నిలబడే చోటే నిలబడ్డాను, ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకున్నాను. పొద్దుటి గంటను మాత్రం మెల్లమెల్లగా తగ్గించాను. మొదట ఒక వరస చూసి రెండో వరసను నడుస్తూ చూసేవాణ్ని. ఆ తర్వాత రెండు వరసలూ నడుస్తూనే. చివరికి తలుపు దగ్గరే నిలబడి అరచెయ్యి ఎత్తి 'అన్నీ మంచిగున్నయి' అన్నట్టు సైగ చేసేవాణ్ని. అటువైపు నుంచి వాళ్లూ చేతులు ఎత్తేవాళ్లు. నేను మాస్టర్ అయిన నాలుగో నెల అది.

ఆ నెలలోనే పదకొండో సాంచాలో నాడె ఎగిరింది.

పేక దారాన్ని మోసుకుంటూ సాంచాలో అటూ ఇటూ పరుగెత్తేది నాడె. జానెడుకు మించిన పొడవు, రెండు చివర్లా ఇనుప మొనలు. దాన్ని కొట్టి పంపే పికర్ అరిగిపోతే అది దారి తప్పి బయటికి దూసుకొస్తుంది. దాన్ని ఆపడానికి ముందువైపు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఆ రోజు కడ్డీ ఆపలేదు. నాడె నేతగాడి చెవి పక్క నుంచి పోయి వెనక గోడకు తగిలి సున్నం పెచ్చును రాలగొట్టింది. నేను వెళ్లి చూశాను. పికర్ సగం అరిగి ఉంది. కడ్డీ బోల్టు వదులుగా ఉంది. రెండూ మార్చాలంటే సాంచాను సగం రోజు ఆపాలి. ఆ వారం సేఠ్‌కు సరుకు తొందరగా కావాలి. బోల్టును చేత్తో ఒక చుట్టు తిప్పి, రేపు చూద్దాం అనుకుని, 'అయింది' అని సైగ చేసి వచ్చేశాను.

పది రోజుల తర్వాత మళ్లీ ఎగిరింది. ఈసారి ఖాళీ బుట్టకు తగిలింది. ఆ సాంచా నడిపేవాడు నాకంటే పదేళ్లు చిన్న, మా పక్క మండలంవాడు. పని బాగా తెలిసినవాడు. సాంచా ఆపేసి నా దగ్గరికి వచ్చాడు. నన్ను బయటికి తీసుకెళ్లి, "అన్నా, నేనేం జేయలే. మంచిగనే నడుత్తుండె. ఒక్కసారి ఎవలో నూకినట్టు బయటికచ్చింది. దానిమీద ఏదో ఉన్నదన్నా," అన్నాడు.

దాని మీద ఏముందో నాకు తెలుసు. అరిగిన పికర్ ఉంది, వదులు బోల్టు ఉంది. ఆ రెండింటినీ చూసి కూడా చెయ్యి ఎత్తిన నేను ఉన్నాను. అతను నా కళ్లలోకి చూస్తున్నాడు. నేను చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా నోరు వేరే మాట అంది.

"ఉంటే ఉండచ్చురా. పాత సాంచా. మనకన్న ముందు ఎవల చేతుల నడిసిందో ఏమో. మన చేతిల ఏమున్నది?"

నేనన్నది అంతే. అతను తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. నాకు గుండె మీది బరువు దిగినట్టు అనిపించింది. ఆ తేలికను ఇప్పటికీ మరిచిపోలేదు.

వారం తిరిగేసరికి నా మాటకు ఒళ్లు వచ్చింది. టీ తాగేచోట ఒకతను, ఆ సాంచాను కొన్న పాత కార్ఖానాలో దాని మీద పడి ఒకడు చచ్చిపోయాడట అన్నాడు. ఆ మర్నాడు ఇంకొకతను, చచ్చినవాడికి ఎడమ చేతికి రెండు వేళ్లు లేవన్నాడు. మూడో రోజు వాడికి తెల్ల చొక్కా వచ్చింది. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు ఒకతను నా చెవి దగ్గరికి వంగి, "మాస్టరన్నా, నువ్వు సూసినవటగదా వాణ్ని?" అని అడిగాడు. నేను ఎవరితోనూ అలా అనలేదు. లేదు అని కూడా అనలేదు. అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను. అతను దాన్నే అవును అనుకుని లేచిపోయాడు.

మా కార్ఖానాలో కండెలు మోసే ఒక ఆడమనిషి ఉండేది. దారం చుట్టిన కండెలను బుట్టలో పెట్టుకుని ప్రతి సాంచా దగ్గరికీ తిరిగి అందించడం ఆమె పని. భర్త పోయాడు, కూతురు పెళ్లయి కోసాడ్ కాలనీలో ఉంటుంది. మా ఊరికి నాలుగు కోసుల దూరం ఆమెది. నేను అక్కా అనేవాణ్ని, ఆమె నన్ను తమ్మీ అనేది. పదకొండో సాంచాకు ప్రతి శనివారం నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టే పని ఆమె తనంతట తానే పెట్టుకుంది. దండం పెట్టుకుని, "పోరగాండ్ల జోలికి రాకు అయ్యా," అనేది ఆ ఇనుముతో. నేను చూస్తూ నిలబడేవాణ్ని.

మా ఇంట్లో కూడా ఆ మాట చేరింది. మా ఆవిడ కూరగాయల బండి దగ్గర విని వచ్చి, "మీ కార్ఖానల దయ్యం ఉన్నదట గదా? అందరంటుండ్రు. నిజమేనా?" అని అడిగింది.

"ఏమో," అన్నాను.

"ఏమో ఏంది? నువ్వే పెద్దమనిషివి గదా ఆడ?"

టీవీ చప్పుడు పెంచాను. పెళ్లయిన పదిహేనేళ్లలో నేను ఆమెకు అలా మాట దాచింది అదే మొదలు.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. తప్పులన్నీ ఆ సాంచా ఖాతాలోకి పోవడం మొదలైంది. ఆరో సాంచా మీద బట్ట గీతలు పడితే దాని నేతగాడు పదకొండు వైపు చూసి భుజాలెగరేశాడు. పడుగు తప్పు ఎక్కించినవాడు, దారం తెగిన చోట తెలిసి తెలిసి ముడి వేయనివాడు, పని మధ్యలో పోయి పడుకున్నవాడు, అందరూ అటే చూశారు. ఎవరినైనా నిలదీయబోతే నా నోరు పడిపోయేది. ఏమని అడగను? ఒకరోజు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తున్నాను. సాంచాలన్నీ నడుస్తున్నాయి. మొదటి వరసలో ఒకడు పక్కవాడికి ఏదో చెబుతున్నాడు. అతని పెదవులు చదివాను. 'మన చేతిల ఏమున్నది.' పక్కవాడు ఇటు తిరిగి ఇంకొకడికి చెప్పాడు. అదే మాట. ఆ దడదడలో ఒక్క అక్షరం వినపడటం లేదు. నేనన్న మాట మాత్రం ఒక నోటి నుంచి ఇంకో నోటికి, చప్పుడు లేకుండా, వరస చివరిదాకా పోతూ కనిపించింది. ఒకతను ఆ మాట అంటూ చెయ్యి తిప్పిన తీరు కూడా నాదే.

ఆ సాయంత్రం మామకు ఫోన్ చేశాను. అసలు సంగతి చెప్పలేదు. "మామా, నీ మాట అందరెట్ల వింటుండ్రి? నేను మొత్తుకున్నా ఎవ్వడు వింటలేడు," అన్నాను.

అటువైపు కొంతసేపు దగ్గు వినిపించింది. "నా మాట ఎవడిన్నడు అల్లుడా? నా గొంతే లేకపాయె. నేను పొద్దుగాల ఏం జేత్తున్ననో సూసేటోళ్లు. అంతే."

"అంతేనా?"

"ఇంకేం గావాలె? మనమెట్లుంటే కార్ఖాన గట్లుంటది." కాస్త ఆగి, "ఎందుకడుగుతన్నవ్? ఏమన్న అయిందా?" అన్నాడు.

"ఏం కాలే మామా. గట్లనే అడిగిన," అని ఫోన్ పెట్టేశాను.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నలభై సాంచాలు ఒక్కసారే ఆగిపోతే వచ్చే నిశ్శబ్దం అలవాటు లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. చెవుల్లో నీళ్లు నిండినట్టు ఉంటుంది. మామూలుగా అప్పుడు అందరూ గోలగోలగా బయటికి పోతారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. రేకుల సందుల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది, ఆ గీతల్లో దూది నలుసులు తేలుతున్నాయి. నలభై మంది ఒకే వైపు చూస్తున్నారు.

టక్.

పదకొండో సాంచాలోంచి వచ్చింది. కరెంటు లేదు. దగ్గర మనిషి లేడు. కొంతసేపటికి మళ్లీ. టక్. నాడె ఉన్న పెట్టె వణికింది.

అదేమిటో నాకు తెలుసు. అరిగిన పికర్ పట్టు తప్పి, దాన్ని కదిలించే కర్ర బిగుసుకుని, మెల్లగా వదులవుతూ పెట్టెకు తగులుతోంది. బాగుచేయాల్సిన జబ్బు అది. వెళ్లి రెండు బోల్టులు విప్పి అందరికీ చూపిస్తే అక్కడికక్కడే అయిపోయేది. నేను ఒక్క అడుగు వేయలేకపోయాను. నాకు భయం వేసింది. అదేమిటో తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను, అయినా ఆ క్షణంలో ఆ సాంచా నన్ను గుర్తుపట్టిందనిపించింది. అది పిలుస్తున్నది నన్నే అనిపించింది. నేతగాళ్లు సాంచా వైపు చూడటం మాని నా వైపు చూశారు. నేను అరచెయ్యి ఎత్తాను. వాళ్లు బయటికి పోయారు. వాళ్ల వెనకే నేనూ పోయాను.

అది జరిగింది ఆ తర్వాతి గురువారం, పొద్దున పది గంటలప్పుడు. నేను రెండో వరస చివర ఉన్నాను. అక్క బుట్టతో దారి మధ్యలో నడిచి వస్తోంది. సరిగ్గా పదకొండో సాంచా ముందుకు వచ్చాక ఆమె నెమ్మదిగా కింద కూర్చుంది. బియ్యం ఏరడానికి కూర్చున్నట్టు కూర్చుంది. బుట్ట ఒరిగి కండెలు దొర్లాయి, తెల్లవి, రంగురంగులవి. చప్పుడులో ఏమీ వినపడలేదు. ఆమె రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు వచ్చినప్పుడు గాని నాడె ఎగిరిందని నాకు తెలియలేదు. నేను పరుగెత్తుతుంటే రెండువైపులా మనుషుల పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నారో చదవడానికి ఇష్టంలేక తల దించుకునే పరుగెత్తాను.

సూరత్‌లో కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎడమ కన్ను పోయింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె ముఖం సగం కట్టుతో ఉంది. నా అడుగుల చప్పుడు విని అటు తిరిగింది.

"తమ్మీ, పోయిన శనివారం నిమ్మకాయలు దొరకలే. రేపు కడుదాం తియ్ అనుకున్న. గందుకే కోపమచ్చింది దానికి," అంది. కాసేపటికి, "నాదే తప్పు. పోరగాండ్లకు ఏం కాలే గదా?" అంది.

కిటికీ పట్టుకుని నిలబడ్డాను. చెప్పాలి. గదిలో ఆమె కూతురు ఉంది. చెప్పలేకపోయాను. "ఏం కాలేదక్కా," అన్నాను.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆదివారం. కార్ఖానాలో ఎవరూ లేరు. ఒక్కణ్నే వెళ్లి పదకొండో సాంచా విప్పాను. పికర్ వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. కడ్డీ బోల్టుకు పానా అవసరం లేకపోయింది, వేలితో తాకితే ఊడి వచ్చింది. కొత్తవి బిగించడానికి మూడు గంటలు కూడా పట్టలేదు. సగం రోజు కూడా కాదు. చెమట తుడుచుకుని అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమె కూర్చున్న చోటే కూర్చున్నానని చాలాసేపటికి గాని తెలియలేదు.

సోమవారం పొద్దున పాలీ వాళ్లంతా వచ్చాక మెయిన్ స్విచ్ తీసేశాను. ఆ నిశ్శబ్దంలో అరిగిన పికర్ ముక్కలు అందరికీ చూపిస్తూ చెప్పాను. "ఆ సాంచ మీద దయ్యం లేదు, ఏం లేదు. గిది అరిగింది. నాకు నాలుగు నెలల సంది తెలుసు. తెలిసి బాగుజెయ్యలే. మీరు దయ్యమంటే నాకు పనికొచ్చింది, ఊకున్న. అక్క కన్ను నావల్ల పోయింది."

తిడతారనుకున్నాను. ఎవరైనా మీదికి వస్తే బాగుండనిపించింది. వాళ్ల ముఖాల్లో కోపం లేదు. భయం ఉంది. ముందున్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పదకొండో సాంచా నడిపేవాడు, నా దగ్గరికి మొదట ఆ మాట తెచ్చినవాడే, చాలా మెల్లగా, ఒంట్లో బాగాలేని మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"అన్నా, మాట్లాడుతున్నది నువ్వు గాదు. నిన్న ఒక్కనివే దాన్ని ఇప్పినవట. అది నీ మీదికచ్చింది. అదే నీతోని గిట్ల అనిపిస్తున్నది."

నేను ఎంత చెప్పినా అంతే. నిజం చెబుతున్నకొద్దీ వాళ్ల కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. నెలల తరబడి చేతులు ఎత్తి అబద్ధం చెప్పినప్పుడు నమ్మినవాళ్లు, ఇప్పుడు పికర్ ముక్కలు చేతిలో పెడితే ముట్టుకోలేదు. ఒకతను నా మణికట్టుకు నల్ల దారం కట్టాడు.

సేఠ్ ఆఫీసుకు వెళ్లి ఆయనకూ అదే చెప్పాను. మాస్టర్ పని వద్దు, నేతకే పోతానన్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టి, "తుఝే కిసీ నే పూఛా?" అన్నాడు. నిన్ను ఎవరైనా అడిగారా అని. ఎవరూ అడగలేదన్నాను. "తో ఫిర్?" అన్నాడు, మరింకేం అన్నట్టు. ఆసుపత్రి సంగతి తాను చూసుకున్నానని, పని నడిపించమని చెప్పి, నేను లేస్తుంటే గొంతు తగ్గించి కామ్‌రేజ్ దగ్గర మంచి భువా ఉన్నాడు, ఒకసారి చూపించుకో అన్నాడు. దయ్యాలు వదిలించేవాణ్ని ఇక్కడ భువా అంటారు. ఆయన కూడా నా ముఖాన్ని పరీక్షగా చూస్తున్నాడు.

అక్క కూతురింట్లో ఉందంటే కోసాడ్‌కు వెళ్లాను. ఆ కాలనీలో బిల్డింగులన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకేలా కారిన మరకలు. నంబరు రాసుకున్న కాగితం పట్టుకుని గంటసేపు తిరిగాను. మూడుసార్లు ఒకే చోటికి వచ్చాను. ప్రతి మెట్ల దగ్గరా ఎవరో ఒక ముసలామె కూర్చుని నన్ను చూస్తున్నట్టే ఉంది. వెనక్కి పోదామనుకున్నాను కూడా. పైనుంచి "తమ్మీ," అని పిలుపు వినిపించింది. మూడో అంతస్తు కిటికీలో ఆమె. నేను తిరుగుతున్నదంతా అక్కడి నుంచి చూస్తూనే ఉందట.

లోపల కూర్చుని మొత్తం చెప్పాను, దాచుకోకుండా. ఆమె మంచం అంచున కూర్చుని విన్నది. ఏడవలేదు. కూతురు టీ పట్టుకుని వచ్చి, తల్లి ముఖం చూసి, ఆ టీ వెనక్కి తీసుకెళ్లింది.

"ఎందుకు చెప్పినవ్ తమ్మీ?" అంది చివరికి. "దయ్యమనుకున్నన్ని దినాలు మంచిగనే ఉంటి. దయ్యానికి నేనేం జేత్త? దండం పెట్టి మర్సిపోతుంటి. ఇప్పుడు నీ ముఖం ఉన్నది. రోజు అదే కనవడ్తది."

"తప్పయింది అక్కా."

"తప్పయిందంటే అయిపాయెనా? చెప్పి నువ్వు అల్కగయినవ్. నాకు బరువు వెట్టిపోతున్నవ్."

ఆమె అన్నది నిజమే అనిపించింది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "పనికత్త. చెప్పు సేఠ్‌కు," అంది. నేను తిరిగి చూసేసరికి తలుపు మూసి ఉంది.

పదకొండో సాంచా నడపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అందుకే నేనే నడిపాను. మాస్టర్ పని చూసుకుంటూనే మిగిలిన సమయమంతా దాని ముందు నిలబడ్డాను. పొద్దున అందరికంటే గంట ముందు వచ్చి ఒకటి నుంచి నలభై దాకా చేత్తో చూసేవాణ్ని. మామకు గంట పట్టేది, నాకు గంటన్నర పట్టేది, ఎందుకంటే నా కళ్లనే నేను నమ్మలేకపోయేవాణ్ని. చూసిన బోల్టునే మళ్లీ వెనక్కి వెళ్లి చూసేవాణ్ని. ఎవరూ నా పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు కాదు. నేను దారిలో నడుస్తుంటే వాళ్లు గోడకు జరిగేవాళ్లు. నేను ఎటు చూస్తే అటు పెదవులు ఆగిపోయేవి. ఒక్కోసారి తెల్ల చొక్కా వేసుకుని పనికి వచ్చినందుకు కూడా వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. వాళ్లు కల్పించుకున్న ఆ రెండు వేళ్లు లేనివాడి చోటులో ఇప్పుడు నేను ఉన్నాను. నా చేతివేళ్లను నేనే లెక్కపెట్టుకున్న రోజులు ఉన్నాయి.

మామకు ఫోన్ చేసి ఈసారి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. "పొద్దుగాల సూత్తన్నవా ఇప్పుడు?" అన్నాడు. చూస్తున్నానన్నాను. "సూడు," అన్నాడు.

ఎన్ని నెలలు గడిచాయో సరిగ్గా చెప్పలేను. వానాకాలం పోయి చలి మొదలైంది. ఒక మధ్యాహ్నం, నన్ను దయ్యం పట్టిందన్న ఆ నేతగాడే, పదకొండు వదిలి వేరే దానికి మారినవాడు, తన సాంచాను తనే ఆపేశాడు. దూరం నుంచి నా వైపు చూసి రమ్మని సైగ చేశాడు. వెళ్లాను. బయటికి వెళ్దాం అన్నట్టు తలుపు చూపించాడు. బయట గోడ పక్కన నిలబడి, కళ్లు ఎత్తకుండా అన్నాడు.

"అన్నా, పడుగు తప్పు ఎక్కిచ్చిన. పొద్దటి సంది తెలుసు నాకు. ఎవలకు కనవడదిలే అనుకున్న. నేనే జేసిన."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. సగం బట్ట పాడైపోయి ఉంది. నోటికి వచ్చిన తిట్టును ఆపుకోవడానికి గోడ మీద చెయ్యి ఆనించాను. అతను 'నేనే' అన్నాడు. ఆ కార్ఖానాలో ఏడాదిగా ఎవరి నోటా నేను ఆ మాట చదవలేదు.

"దా, ఇప్పుదాం," అన్నాను. ఇద్దరం కలిసి సాయంత్రందాకా కూర్చుని పడుగు సరిచేశాం. మధ్యలో ఒకసారి అతను నా ముఖం వైపు చూశాడు, అంతకుముందులా తప్పించుకోలేదు.

అక్క ఆ చలికాలంలోనే పనికి వచ్చింది. మోయవద్దు, కూర్చుని చుట్టే పని ఇప్పిస్తానన్నాను. వద్దంది. పాత బుట్టే తీసుకుంది. మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున నేను ఒక్కో సాంచా చూస్తూ పదకొండో దాని దగ్గరికి వచ్చేసరికి ఆమె అక్కడ నిలబడి ఉంది. నిమ్మకాయలు లేవు చేతిలో.

"సూసినవా?" అంది.

"ఇప్పుడే సూసిన అక్కా. మంచిగున్నది."

"ఏడ, సూపియ్."

మూత తీసి పికర్ చూపించాను. కడ్డీ బోల్టు చూపించాను. ఆమె నా మాట నమ్మి కదల్లేదు. వంగి, ఉన్న ఒక్క కంటిని ఇనుముకు దగ్గరగా పెట్టి, వేలితో బోల్టు తిప్పి చూసింది. అది కదలలేదు. ఆమె బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇది జరిగి చాలా కాలమైంది. అక్క ఇప్పటికీ రోజూ అలాగే వస్తుంది. ఇప్పుడు పదకొండు ఒక్కటే కాదు, ఏ రోజు ఏది అడుగుతుందో తెలియదు. చూశానని చెబితే ఒప్పుకోదు, చూపించాలి. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నేతగాళ్లు కూడా ఆమె వెనక నిలబడి తొంగి చూస్తున్నారు. నేను మూత తీసి పక్కకు జరుగుతాను. ఆమె కుడి కన్ను సాంచా లోపల వెతుకుతుంటుంది. ఎడమ కన్ను, చూపులేనిది, ఇటువైపు నా మీదే ఉంటుంది. ఆమె లేచేదాకా నేను మూత పట్టుకుని నిలబడతాను.